అయ్యగారూ, మీకు భయం లేదా?

 ఇక్కడ దివిసీమలో ఉన్నవాళ్లకూ, హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకూ, కువైట్‌లో ఇంటిపనులు ముగించుకుని రాత్రి పొద్దుపోయాక ఇది చదువుకునే మన అక్కచెల్లెళ్లకూ పేరుపేరునా వందనాలు. తుఫాను తర్వాత చాలామంది ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగారు. అందరికీ సరిగా జవాబు చెప్పలేకపోయాం, మన్నించండి. మేము బాగున్నాం. మందిరం నిలిచింది. పడమటి వైపు రెండు రేకులు లేచిపోయాయి, గోడ పక్కన వేపచెట్టు సగానికి విరిగింది. మనుషులకు ఏమీ కాలేదు. చేలు మాత్రం పడిపోయాయి.

మీకు చెప్పాలనుకున్నది తుఫాను కబుర్లు కాదు. ఆ రాత్రి ఒక చిన్నపిల్ల అడిగిన ప్రశ్న.

2025 అక్టోబరు 28, మంగళవారం. మొంథా తుఫాను ఆ రాత్రి తీరం దాటుతుందని రెండు రోజులుగా చెబుతూనే ఉన్నారు. పూరిళ్లలో ఉన్నవాళ్లు, రేకుల ఇళ్లవాళ్లు, చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్లు సాయంత్రానికే మందిరంలోకి వచ్చేశారు. అరవై మందికి పైనే. చాపలు పరిచాం, పసిపిల్లల తల్లులను బలిపీఠం వైపు గోడవార పడుకోబెట్టాం. ఆరు గంటలకల్లా కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు ఒక్కటే. గాలి రేకుల కింద దూరి అరుస్తుంటే మాట మాటకు వినబడటం లేదు. అప్పుడు ఒక పిల్ల, తొమ్మిదేళ్లది, వచ్చి మా పక్కన కూర్చుని చెవి దగ్గరగా అడిగింది: "అయ్యగారూ, మీకు భయం లేదా?"

ఆ పిల్ల ఎవరి కూతురో మన సంఘంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు కింద తెలుస్తుంది.

"ఉందమ్మా. చాలా భయంగా ఉంది" అన్నాం.

ఐదేళ్ల క్రితమైతే ఈ జవాబు మా నోట వచ్చేది కాదు. "దేవుని సేవకులకు భయమేమిటి తల్లీ" అని నవ్వి, ఒక వాక్యం చెప్పి పంపేసేవాళ్లం. ఆ జవాబు ఎందుకు మారిందో ఈ రోజు రాస్తున్నాం. మేము అంటే మేమిద్దరం. వాక్యం చెప్పే నోరు ఒకటే అయినా, ఇంట్లో ఇద్దరం మాట్లాడుకోకుండా అక్కడ ఏదీ చెప్పలేదు. అందుకే ఎవరు ఏ మాట అన్నారో విడదీయడం లేదు. తప్పు కూడా ఇద్దరిదే.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. మందిరం కట్టిన తర్వాత ఆదివారం పూట తలుపులు తెరవకపోవడం అదే మొదలు. ఆ తర్వాత లాక్‌డౌన్ వచ్చింది, జూన్ 8 వరకు ఆరాధన లేదు. వేపచెట్టు కింద నిలబడి ఫోనులో వాక్యం రికార్డు చేసి అందరికీ పంపేవాళ్లం. మొదటి వారం ఏదో చెప్పాం. రెండో వారం నుంచి 91వ కీర్తన పట్టుకున్నాం. తెగులును గురించీ, పక్కన వేలమంది పడిపోవడం గురించీ చెప్పే కీర్తన కదా, ఆ రోజులకోసమే రాసినట్టు ఉండేది. మీరు కూడా ఫోన్ చేసి "అయ్యగారూ, ఆ మాటలు వింటే ధైర్యంగా ఉంది" అన్నారు. మాకు ఇంకా హుషారు వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ కీర్తనను కాగితాల మీద అచ్చు వేయించాం. ఇంటింటికీ ఒకటి పంపి, గుమ్మం మీద అంటించుకోమన్నాం. ఐగుప్తులో పస్కా రాత్రి గుమ్మాలకు రక్తం పూసుకున్నట్టు అన్నాం. ఈ కాగితం ఉన్న గుమ్మం దాటి తెగులు లోపలికి రాదు అని చెప్పాం. ఎవరో మాకు అంటగట్టిన మాట కాదు ఇది, ఫోనులో మా గొంతుతో ఇంకా ఉంది. చెరిపేయలేదు, చెరపదలచుకోలేదు.

మొదటి విడతలో మన సంఘంలో ముగ్గురికి జ్వరం వచ్చింది, ముగ్గురూ కోలుకున్నారు. ఆ డిసెంబరులో క్రిస్మస్ ఆరాధనలో సాక్ష్యం చెప్పాం, చప్పట్లు కొట్టారు. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా పోయారని వింటే మా మనసులో ఒక పాడు ఆలోచన కదిలేది. వాళ్ల విశ్వాసం ఎలాంటిదో అని. పైకి అనలేదు కానీ దేవుని ముందు అన్నట్టే లెక్క.

2021 మే నెల వచ్చింది. మన రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. మన సంఘంలో ఢోలక్ వాయించే తమ్ముడు మీకు గుర్తున్నాడు. ట్రాక్టరు నడిపేవాడు, నలభై రెండేళ్లవాడు. ఆదివారం చేతికి గ్రీజు మరకలతోనే వచ్చి ఢోలక్ ముందు కూర్చునేవాడు. పాట ఏ శ్రుతిలో ఎత్తినా సర్దుకునేవాడు, మేము తాళం తప్పినా అతను తప్పేవాడు కాదు. అతనికి జ్వరం వచ్చింది. ఐదో రోజు రాత్రి ఆయాసం మొదలైందని వాళ్ల ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. ఆశా వర్కరు దగ్గర ఆక్సీమీటరు తీసుకుని వెళ్లాం. వేలికి పెడితే 84 చూపించింది. మిషను పాడైందేమో అని మా వేలికి పెట్టుకున్నాం, 97. మళ్లీ అతని వేలికి పెట్టాం, 83.

ఆ రాత్రి కారులో తిరిగిన తిరుగుడు రాయబోము. అలా తిరిగినవాళ్లు మీలో ఎందరో ఉన్నారు. మొదటి చోట బెడ్డు లేదు, రెండో చోట లేదు, మూడో చోట తెల్లవారుజామున దొరికింది. ఆరు రోజుల తర్వాత ప్రభువునందు నిద్రించాడు.

శవపేటికను సమాధుల తోటకు మోయడానికి మనుషులు రాలేదు. రానివాళ్లను ఏమీ అనడం లేదు, మాకూ కాళ్లు వణికాయి. పక్క ఊరి ముస్లిం కుర్రాళ్లు ఇద్దరు కిట్లు వేసుకుని వచ్చి మాతో పాటు చేయి వేశారు. భార్య, పిల్లలు రోడ్డు మీదే నిలబడి చూశారు. పిల్లవాడికి పన్నెండేళ్లు, పిల్లకు ఐదు. సమాధి దగ్గర వాక్యం చదవాలి. బైబిలు తెరిస్తే 91వ కీర్తన దగ్గరే తెరుచుకుంది. ఏడాదిగా అదే పేజీ తెరిచి తెరిచి అలవాటైపోయింది కదా. గబగబా పేజీలు తిప్పేశాం.

నాలుగు రోజులకు మాకిద్దరికీ జ్వరం వచ్చింది. మందిరం వెనక రెండు గదుల్లో పడుకున్నాం. అంకెలు చూసుకోవడమే పని. 94, 92, 91. ఒక రాత్రి 89కి పడింది. డాక్టరు ఫోనులో చెప్పినట్టు బోర్లా పడుకోబెట్టి, ఒకరు పడుకుంటే ఒకరు కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకున్నాం. బెడ్ల కోసం ఫోన్లు చేసే ఓపిక కూడా లేదు. మీరు అడగవచ్చు, ప్రార్థన చేశారా అని. చేయలేకపోయాం. ఇరవై ఏళ్లుగా ఉపవాస కూడికలు నడిపించిన వాళ్లం, "ప్రభువా" అన్న ఒక్క మాట తర్వాత రెండో మాట రాలేదు. భయం కడుపులో రాయిలా కూర్చుంది. పిల్లలు ఏమవుతారు, సంఘం ఏమంటుంది, మనం కూడా పోతే ఆ కాగితం గురించి జనం ఏమనుకుంటారు. చావు మీద పడుతున్నా పరువు గురించి ఆలోచించాం చూడండి, మనిషి అంటే ఇంతే.

రోజూ మధ్యాహ్నం ప్రహరీ గోడ మీద క్యారియర్ పెట్టి "తిన్నారా? నిన్నటిది మిగిల్చారెందుకు?" అని కేకేసేది మన మామ్మ. డెబ్బై దాటిన మనిషి, తనకు అంటుకుంటుందన్న బెదురు లేదు. చారన్నం, ఒక్కోరోజు గుడ్డు. ఆ కేక కోసం ఎదురుచూసేవాళ్లం.

పద్దెనిమిది రోజులకు లేచాం. లేచాక మొదట వెళ్లవలసిన ఇల్లు ఏదో తెలుసు. రెండు వారాలు వాయిదా వేశాం, నీరసం అని చెప్పుకుని.

జూన్‌లో వెళ్లాం. చెల్లెమ్మ కుర్చీలు వేసింది, మంచినీళ్లు ఇచ్చింది. ఏడవలేదు, కోప్పడలేదు. కాసేపటికి లేచి గుమ్మం దగ్గరకు వెళ్లి పైకి చూపించింది. మేము పంపిన కాగితం, అంచులు చిరిగి, జిగురు మరక కట్టి ఉంది. "అయ్యగారూ, దీన్ని తీసేయమంటారా, ఉంచమంటారా?" అని అడిగింది.

మా దగ్గర జవాబు లేదు.

ఆమే మళ్లీ అంది: "మూడో రోజే టెస్టు చేయించుకోమన్నానండి. గుమ్మం మీద వాక్యం పెట్టుకుని మళ్లీ టెస్టుకు పోతే అయ్యగారి మాట మీద నమ్మకం లేనట్టే కదా అన్నారు."

ప్రియులారా, మేము ఎన్నో అంత్యక్రియలు జరిపించాం. ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు. మూడో రోజు వెళ్లి ఉంటే బతికేవాడా అంటే దేవునికే తెలుసు. త్వరగా వెళ్లినవాళ్లు కూడా ఆ నెలలో పోయారు. కానీ అతను ఇంట్లో ఉండిపోయిన ఆ రెండు రోజులకు కారణం మేము. దాన్ని ఏ వాక్యంతోనూ కప్పలేం. ఇంటికి వచ్చి ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు.

కొన్ని వారాలు 91వ కీర్తన తెరవలేకపోయాం. తర్వాత మత్తయి 4వ అధ్యాయం చదువుతుంటే కళ్లు తెరుచుకున్నాయి. ఎన్నిసార్లు ప్రసంగించిన అధ్యాయమో. అపవాది యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమంటాడు. దూకమని చెప్పడానికి వాడు చూపించిన వాక్యం ఏది? దేవదూతలు చేతులతో ఎత్తుకుంటారన్న మాట. అది 91వ కీర్తనలోదే! యేసు ఆ కీర్తన అబద్ధమనలేదు. దేవుణ్ణి శోధించకూడదని ధర్మశాస్త్రంలో నుంచి జవాబు చెప్పి, దూకకుండా నిలబడ్డాడు. మేము మాత్రం ఆ కీర్తన చేతికిచ్చి మన తమ్ముణ్ణి శిఖరం మీద నిలబెట్టాం. టెస్టుకు వెళ్లవద్దని నోటితో అనలేదు, నిజమే. కానీ వెళ్లడం అవిశ్వాసం అనిపించేలా చెప్పాం.

అప్పటి నుంచి భయపడ్డవాళ్ల కోసం బైబిలులో వెతకడం మొదలుపెట్టాం. ఎందరు దొరికారో! 56వ కీర్తన దావీదుది, భయం వేసిన రోజునే దేవుణ్ణి ఆశ్రయిస్తానంటాడు. ఫిలిష్తీయులు గాతులో పట్టుకున్నప్పటిదని పైన రాసి ఉంది. ఆ గాతు సంగతి మొదటి సమూయేలు 21లో చూస్తే, గొల్యాతును కొట్టిన ఆ దావీదే ఆకీషు రాజుకు భయపడి, పిచ్చివాడిలా తలుపుల మీద గీతలు గీస్తూ గడ్డం మీదికి చొంగ కార్చుకున్నాడు. కీర్తన ఒక్కటే చదివితే వీరుడనిపిస్తాడు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే మనలాంటివాడు. ఇక మన ప్రభువు సంగతి. గెత్సేమనేలో ఆయన కలవరపడ్డాడని మార్కు దాచకుండా రాశాడు. ఆయన కన్నీళ్లతో, పెద్ద కేకతో ప్రార్థించాడనీ, ఆ ప్రార్థన అంగీకరించబడిందనీ హెబ్రీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. అంగీకరించబడింది, అయినా మరుసటి రోజు సిలువ తప్పలేదు. ఇక్కడ మేము చాలా రోజులు ఆగిపోయాం. ఇప్పటికీ అక్కడక్కడే తిరుగుతుంటాం.

ఇవన్నీ తెలిశాయి సరే, చెల్లెమ్మకు ఏం చెప్పాలి? గెత్సేమనే గురించి వివరించడానికి వెళ్లాలా? ధైర్యం చాలక మామ్మను తోడు రమ్మన్నాం.

మామ్మది అప్పట్లో సముద్రం ఒడ్డు ఊరు. 1977 నవంబరు 19, శనివారం నాటి ఉప్పెన గురించి దివిసీమలో పుట్టినవాళ్లకు చెప్పాలా? దూరాన పుట్టిన పిల్లలకోసం ఒక మాట రాస్తున్నాం. ఆ సాయంత్రం సముద్రం గోడలా లేచి మైళ్ల లోపలికి వచ్చింది, పది వేలమందికి పైగా పోయారు, ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. మామ్మ బతికిందని అందరికీ తెలుసు. ఎలా బతికిందో మాకు కూడా తెలియదు. ఇన్నేళ్లలో ఒక్క సాక్ష్య కూడికలోనూ ఆమె దాని గురించి నోరు తెరవలేదు. మేమే రెండు మూడుసార్లు "మామ్మా, దేవుడు నిన్ను ఎలా కాపాడాడో చెప్పు" అని అడిగి, ఆమె లేచి వెళ్లిపోతే నొచ్చుకున్నాం.

ఆ రోజు చెల్లెమ్మ ఇంట్లో కుర్చీ వద్దని నేల మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"తాటిచెట్టు దొరికింది నాకు. చంకలో బిడ్డ. రెండేళ్లు నిండలా. ఒక చేత్తో చెట్టు, ఒక చేత్తో బిడ్డ. నీళ్లు ఎత్తేసేయి, దించేసేయి. ఎప్పుడు జారిందో తెలీదమ్మా. తెల్లారి చూసుకుంటే రెండు చేతులూ చెట్టు మీదే ఉన్నాయి."

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. మేము కదలలేదు.

"ఆ రాత్రి దేవుడి పేరు తలుచుకున్నావా అని అడుగుతారు అందరూ. అయ్యగారు కూడా అడిగారు. తలుచుకోలా. చెట్టును పట్టుకున్నా, అంతే. తర్వాత మూడేళ్లు గుడి మెట్టు ఎక్కలా నేను."

"మళ్లీ ఎందుకు వచ్చావు మామ్మా?" చెల్లెమ్మ అడిగింది. ఇంటాయన పోయాక ఆమె ఏదైనా తెలుసుకోవాలని అడగడం మేము చూడటం అదే మొదలు.

"కోపం ఎవరికి చెప్పుకోను? మీ తాత ముందే పోయాడు. ఊళ్లో మిగిలినోళ్లందరిదీ నా బతుకే. తిట్టుకోడానికైనా ఆయనే ఉన్నాడు అని పోయా. వెనక బల్ల మీద కూర్చుని తిట్టుకునేదాన్ని. పాటలు పాడేవాళ్లు పాడేవాళ్లు, నేను తిట్టేదాన్ని. ఎప్పుడు మానేశానో నాకే తెలీదు."

చెల్లెమ్మ అప్పుడు ఏడ్చింది. పెద్దగా, పక్కింటివాళ్లు వచ్చేలా ఏడ్చింది. మామ్మ ఆమె తలను ఒడిలోకి లాక్కుని, ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండా, జుట్టు చిక్కులు తీస్తూ కూర్చుంది. మేమిద్దరం బైబిలు చేతిలో పట్టుకుని ఊరికే ఉన్నాం. ఇరవై ఏళ్ల పరిచర్యలో మేము చేసిన అతి మంచి పని ఆ గంట నోరు మూసుకుని కూర్చోవడమే అనుకుంటాం.

ఆ మరుసటి ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాం. కాగితం విషయంలో మేము దేవుని పేరు మీద దేవుడు చెప్పని మాట చెప్పామని, మన తమ్ముడి ఇంటివారి ముందు క్షమాపణ అడుగుతున్నామని చెప్పాం. జబ్బు పడ్డప్పుడు మేము ఎంత భయపడ్డామో అది కూడా చెప్పాం. మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. అందరికీ అది నచ్చలేదు. సంఘ పెద్దల్లో ఒకరు బయటికి వచ్చాక, "అయ్యగారే భయపడ్డానని చెబితే విశ్వాసులు దేన్ని పట్టుకుని నిలబడతారు?" అన్నారు. ఆయన ఆవేదన నిజమైనదే. రెండు కుటుంబాలు వేరే ప్రార్థనకు వెళ్లిపోయాయి, రోడ్డు మీద కనబడితే ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాం. ఇంకొందరు గుమ్మాల మీద కాగితాలు అలాగే ఉంచుకున్నారు. వాక్యం వాక్యమే కదా, తీయమనడానికి మనసొప్పలేదు. తాయెత్తులా చూడవద్దని మాత్రం చెప్పాం.

చెల్లెమ్మ కాగితం ఏం చేసిందో చెప్పలేదు కదూ. గుమ్మం మీద నుంచి తీసి, అతని బైబిలులో పెట్టుకుంది. ఎందుకని మేము అడగలేదు.

ఆ తర్వాత మా ప్రసంగాల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఎక్కువైందని మీరు నవ్వుతుంటారు. ఏం చేయమంటారు, పడవలవాళ్లున్న ఊరు, తుఫానుల ఊరు మనది. ఆ ఓడలో 276 మంది. పద్నాలుగు రాత్రులు ఊరకులోను అనే పెనుగాలికి కొట్టుకుపోయారు. సూర్యుడు, నక్షత్రాలు కనబడక, బతుకుతామన్న ఆశ పూర్తిగా పోయిందని లూకా రాశాడు. ఆ లెక్కలో తననూ కలుపుకుని రాశాడు, ఆయన కూడా ఆ ఓడలోనే ఉన్నాడు కదా. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత పౌలుతో చెప్పింది. మేమైతే ఆ మాట కాగితం మీద అచ్చు వేసి ఓడ స్తంభానికి అంటించి పడుకునేవాళ్లం. పౌలు ఏం చేశాడు? నావికులు చిన్న పడవ దించుకుని పారిపోబోతుంటే, వీళ్లు ఓడలో లేకపోతే మీరు బతకలేరని శతాధిపతితో చెప్పాడు. తిండి తినమని అందరినీ బతిమాలాడు. తానే రొట్టె విరిచి తిన్నాడు. తిన్నాక గోధుమలు సముద్రంలో పారబోసి ఓడ బరువు తగ్గించారు. చివరికి ఓడ ముక్కలైంది. ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకలు పట్టుకుని మెలితే ఒడ్డుకు చేరారు. దేవుడు మాట ఇచ్చాడు, అయినా లంగరులు వేయవలసిందే, తినవలసిందే, పలక పట్టుకోవలసిందే. మనకు అలాంటి దేవదూత మాట కూడా లేదు, మనలో ఒకరు పోరని ఎవరూ చెప్పలేదు. అలాంటప్పుడు మరీ జాగ్రత్తగా ఉండాలి.

అందుకే మందిరం బీరువాలో ఇప్పుడు రెండు ఆక్సీమీటర్లు, బీపీ మిషను ఉన్నాయి. టీకాల రోజున మేమే ముందు నిలబడి వేయించుకున్నాం. ఎవరికి జ్వరం వచ్చినా ప్రార్థన చేసి, ఆ చేత్తోనే బండి తీసి ఆసుపత్రికి బయలుదేరుతున్నాం. మొన్న తుఫానుకు కూడా అంతే. ఆదివారం ఆరాధన త్వరగా ముగించి, రేకుల మీద ఇసుక బస్తాలు వేశాం, మోకులతో కట్టాం. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ల పేర్లు రాసుకుని, ఎవరిని ఎవరు తీసుకురావాలో పంచుకున్నాం. బరకాలు, బియ్యం, పాల పొడి, పసివాళ్ల మందులు చూసుకున్నాం. మామ్మ మాత్రం రానని మొండికేసింది. చివరికి చెల్లెమ్మ కొడుకు వెళ్లి వీపు మీద ఎక్కించుకుని తెచ్చాడు. పదహారేళ్లవాడు, తండ్రి పొడుగు వచ్చేసింది.

ఆ రాత్రికి తిరిగి వద్దాం.

"ఉందమ్మా. చాలా భయంగా ఉంది" అంటే ఆ పిల్ల మా ముఖంలోకి చూసింది. పక్కన ఉన్న ఒక పెద్దాయన గొంతు సవరించుకున్నారు, ఇప్పుడు వాక్యం చెబుతామేమో అని. చెప్పలేదు. "నీకు?" అని అడిగాం. "నాకూ" అంది. కాసేపాగి, "అయితే నేను ఇక్కడే పడుకుంటా" అని మా దుప్పటి కొస లాక్కుని పడుకుంది.

పదకొండు దాటాక గాలి మరీ పెరిగింది. పడమటి వైపు రేకు లేచినప్పుడు ఆడవాళ్లు కేకలు పెట్టారు. నీళ్లు ధారగా పడుతుంటే అందరం తూర్పు గోడ వైపు జరిగాం. అంత మందిలో మామ్మ ఒక్కతే నోరు తెరవకుండా, కిటికీ ఊచను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆమె చేతులు ఎందుకలా పట్టుకున్నాయో అక్కడ ఇద్దరు ముగ్గురికే తెలుసు. చెల్లెమ్మ వెళ్లి పక్కన కూర్చుని, ఒక చేతిని మెల్లగా విడిపించి తన చేతిలోకి తీసుకుంది.

ప్రార్థన చేయమని ఎవరో అన్నారు. చేశాం. పొట్టి ప్రార్థనే. మాకు భయంగా ఉందని చెప్పాం, ఇక్కడ ఉన్న పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పాం, కొంచెం ఉధృతి తగ్గించమని అడిగాం. ఆ తర్వాత చెల్లెమ్మ కొడుకు అలమర మీద నుంచి ఢోలక్ దించి, తడవకుండా ఒళ్లో పెట్టుకుని చిన్నగా వాయించడం మొదలుపెట్టాడు. వాడికి ఇంకా తాళం కుదరదు, మధ్యలో తప్పుతుంటాడు. పాట ఎత్తుకున్నవాళ్లే సర్దుకున్నారు.

తెల్లవారి గాలి తగ్గాక మగవాళ్లు చేల వైపు వెళ్లారు. ఈనిక మీద ఉన్న వరి చాపలా పడిపోయింది. చెల్లెమ్మ కౌలుకు తీసుకున్న ఎకరంన్నర కూడా అంతే, నీళ్లలో ఉంది. నీళ్లు లాగితే కొంత నిలబెట్టి కట్టలు కట్టుకోవచ్చని ఆమె పారతో గట్టు దగ్గర దిగింది. కాలువ పూడిపోయి నీళ్లు కదలడం లేదు. మేమిద్దరం చీపుళ్లు పక్కన పెట్టి పారలు తీసుకుని వెళ్లాం. ఈ వారమంతా ఉదయం పూట అక్కడే ఉంటున్నాం. మందిరం రేకులు వచ్చే వారం చూద్దాం. ఊళ్లో ఉండి చేయి ఖాళీగా ఉన్నవాళ్లు ఆరు గంటలకు కాలువ గట్టు దగ్గరకు రండి, పారలు మా దగ్గర ఉన్నాయి.